రక్షిత బయలు మీదుగా హైటెన్షన్ లైన్ వస్తోందా? అడ్డుకోవాలంటే ఏం చేయాలి

బయలులో ఎర్ర రంగు పూసిన సర్వే మేకు కనబడగానే చాలామందికి మొదట వచ్చే ఆలోచన దాన్ని పీకిపారెయ్యడం. ఆ కోపం నాకు తెలుసు. కానీ మేకు పీకితే లైన్ ఆగదు, కేసు మాత్రం మీ మీద పడుతుంది. ఆ మేకు నేలలో దిగేసరికే ఏ సబ్‌స్టేషన్ నుంచి ఏ సబ్‌స్టేషన్‌కు లైన్ వెయ్యాలి, ఎంత వోల్టేజి, ఎప్పటికి పూర్తి చెయ్యాలి అన్నవి కాగితం మీద చాలావరకు తేలిపోయి ఉంటాయి. మీ పోరాటం ఆ కాగితంతో.

ఇలాంటి లైన్లు రక్షిత భూములనే ఎందుకు వెతుక్కుంటూ వస్తాయో ముందు అర్థం చేసుకోండి. ఒకప్పుడు ఎవరో కష్టపడి ఒక గడ్డి మైదానాన్నో, చిత్తడి నేలనో, కొండవాలునో ఇళ్లు కట్టకుండా కాపాడారు. కాబట్టి అక్కడ ఇళ్లు లేవు. ఇళ్లు లేవు కాబట్టి అడ్డుచెప్పే గొంతులు తక్కువ, చెల్లించాల్సిన పరిహారం తక్కువ. దారి గీసే ఇంజనీరు మ్యాపులో అది తెల్లగా, ఖాళీగా కనబడుతుంది. కాపాడినందువల్లే అది చవకైన దారి అయింది. ఈ గైడ్‌లో చెప్పే పనులన్నీ ఆ తెల్లటి ఖాళీలో నిజంగా ఏముందో నిర్ణయం జరిగే ఫైలులోకి ఎక్కించడానికే. అదీ, ఆ ఫైలు మూసేలోపు.

1. ప్రాజెక్టు ఏ దశలో ఉందో ఈ వారమే తెలుసుకోండి

ఏ దేశంలోనైనా పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్ దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. గ్రిడ్ ప్రణాళికలో అవసరం తేలుస్తారు. రెండు మూడు దారులు గీస్తారు, పర్యావరణ పరిశీలన చేస్తారు, అనుమతి ఇస్తారు. ఆ తర్వాతే భూమి మీద హక్కు తీసుకోవడం, టవర్లు నిలబెట్టడం. మామూలు జనానికి విషయం తెలిసేది ఎక్కువగా భూమి దగ్గరికి వచ్చినప్పుడే. అప్పటికి "అవసరమా?" అన్న ప్రశ్నకు తలుపు మూసుకుపోయి, "టవర్ పది మీటర్లు పక్కకు జరపాలా?" అన్న ప్రశ్న మాత్రమే మిగులుతుంది.

ఆలస్యం ఎంత ఖరీదైనదో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో చూడండి. కెనడాలోని క్యూబెక్ నుంచి జలవిద్యుత్తును తెచ్చే లైన్‌ను ఆపాలని 2021 నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు స్పష్టమైన మెజారిటీతో చెప్పారు. అప్పటికే నిర్మాణం మొదలైంది. ఓటింగ్‌కు ముందే నిజాయతీగా పని మొదలుపెట్టి చాలా దూరం వెళ్లారు కాబట్టి నిర్మాణదారులకు హక్కు ఏర్పడిందని 2023లో జ్యూరీ తేల్చింది. పని మళ్లీ సాగింది. ఓటు గెలిచినా క్యాలెండర్ ఓడించింది.

కార్డినల్-హికరీ క్రీక్ లైన్ కథ ఇంకా బాధాకరం. అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య 345 కిలోవోల్టుల లైన్ అది. మిసిసిపీ నది ఎగువన ఉన్న జాతీయ వన్యప్రాణి ఆశ్రయాన్ని దాటాలి. ఆశ్రయం గుండా వెళ్లే ముక్క మీద కోర్టుల్లో వాదన నడుస్తూండగానే రెండు వైపులా లైన్ కట్టుకుంటూ ఆశ్రయం అంచుల దాకా వచ్చేశారు. మధ్యలో చిన్న ముక్క మాత్రమే మిగిలాక, ఇంత కట్టినదాన్ని వృథా చేస్తారా అనే ప్రశ్న దానంతటదే పుట్టుకొస్తుంది. 2024లో ఆ ముక్క కూడా పూర్తయి లైన్‌లో కరెంటు పారింది. అందుకే మీ బయలుకు ఇంకా దూరంగా పని మొదలైందని తెలిసినా సరే, అది మీ సంగతే అనుకోండి. మొత్తం లైన్‌కు అన్ని అనుమతులూ వచ్చేదాకా ఏ చివరా పని మొదలుపెట్టకూడదని మొదటి ఉత్తరంలోనే అడగండి.

బహిరంగ విచారణ తప్పకుండా ఉంటుందిలే అని ధీమాగా కూర్చోవద్దు. భారతదేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. అడవి భూమి గుండా వెళ్తే అటవీ అనుమతి, అభయారణ్యం అయితే వన్యప్రాణి మండలి పరిశీలన ఉంటాయి తప్ప, లైన్ కాబట్టి విచారణ అంటూ ఏదీ లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నియంత్రణ కమిషన్ ముందు విచారణ ఉంటుంది. మీ దగ్గర ఏ తలుపు ఉందో తెలుసుకుని, ఆ తలుపు మూసే తేదీని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

2. కాగితాలు అడిగి తీసుకోండి

దీనికి లాయరు అక్కర్లేదు. భారతదేశంలో సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఐరోపాలో 1998 నాటి ఆర్హస్ ఒప్పందం, లాటిన్ అమెరికాలో 2018 నాటి ఎస్కజూ ఒప్పందం పర్యావరణ సమాచారం అడిగే హక్కునిచ్చాయి. "ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి" అని అడిగితే ఒక కరపత్రం చేతిలో పెడతారు. పేరు పెట్టి అడగండి:

- ఈ లైన్ అవసరమని తేల్చిన అధ్యయనం, అందులో వాడిన డిమాండ్ అంచనా, ఆ అంచనా ఏ సంవత్సరానిది
- పరిశీలించిన దారులన్నిటినీ పోల్చిన పట్టిక, ఒక్కో అంశానికి ఇచ్చిన మార్కులు
- లైన్ దారి చూపే కేఎంఎల్ ఫైలు (దీన్ని ఫోన్‌లోని మ్యాపు మీద పరిచి ఏ టవర్ ఎక్కడ పడుతుందో నడిచి చూడొచ్చు)
- పక్షులు, మొక్కల సర్వే ఏ తేదీల్లో, ఎన్ని రోజులు చేశారో తెలిపే మూల నమోదులు
- భూమిని చూసుకునే శాఖకూ, లైన్ వేసేవారికీ మధ్య జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు

మూడోదీ నాలుగోదీ చేతికొస్తే సగం పని అయినట్టే. నలభై కిలోమీటర్ల బయలును ఎండాకాలంలో రెండు రోజులు చూసి "ముఖ్యమైన పక్షులు కనబడలేదు" అని రాసిన నివేదికను పడగొట్టడానికి పెద్ద శాస్త్రవేత్త అక్కర్లేదు. వానల తర్వాత అదే చోట మీరు తీసిన ఫొటోలు చాలు.

3. "రక్షిత" అన్న మాట వెనక అసలు ఏం రాసి ఉందో చదవండి

జాతీయ పార్కు వేరు, వన్యప్రాణి ఆశ్రయం వేరు, ఊరుమ్మడి మేత భూమి వేరు, ఇకపై ఇక్కడ ఏమీ కట్టం అని యజమాని హక్కు వదులుకుని రాసిచ్చిన పరిరక్షణ ఒడంబడిక వేరు. ఒక్కోదానికీ బలం వేరు. చాలా పత్రాల్లో ప్రజావసర నిర్మాణాలకు మినహాయింపు అని ఒక వాక్యం దాక్కుని ఉంటుంది. మీ వాదన మొత్తం దాని మీద కూలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అవతలివాళ్లకన్నా ముందు మీరే దాన్ని కనిపెట్టాలి. కొన్నిచోట్ల రక్షణ నిజంగా గట్టిది. ఇంగ్లండ్‌లో నేషనల్ ట్రస్ట్ 1907 నాటి చట్టం కింద కొన్ని భూములను "పరాధీనం చేయరానివి"గా ప్రకటిస్తుంది. వాటిని బలవంతంగా తీసుకోబోతే, ట్రస్ట్ అభ్యంతరం చెప్పినప్పుడు పార్లమెంటులో ప్రత్యేక విధానం నడవాలి.

భూమికి భూమి మార్పిడి ప్రతిపాదన వస్తుందేమో కూడా కనిపెట్టుకుని ఉండండి. "మీ ఇరవై ఎకరాలు మాకివ్వండి, అంతకన్నా పెద్ద ముక్క పక్కన ఇస్తాం" అంటే వినడానికి బాగానే ఉంటుంది. మిసిసిపీ ఆశ్రయం విషయంలో జరిగింది అదే. ఒక బయలు విలువ దాని అతుకు లేని వెడల్పులో ఉంటుంది. మధ్యలో గీత గీసి అంచున ముక్క కలిపితే ఆ వెడల్పు తిరిగి రాదు. ఈ మాట మార్పిడి ఒప్పందం మీద సంతకాలు కాకముందే భూమిని చూసుకునే శాఖ పెద్దలకు రాతపూర్వకంగా చేరాలి.

4. అవసరమా అని అడగడానికి భయపడొద్దు

"మేం ఇంజనీర్లం కాదు, మాకేం తెలుసు" అని ఇక్కడ చాలామంది వెనక్కి తగ్గుతారు. అవసరం అంటే చివరికి ఒక అంచనా. అంచనాలు తప్పుతాయి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా నుంచి మేరీల్యాండ్ వరకు 765 కిలోవోల్టులతో, దాదాపు 440 కిలోమీటర్ల మేర పాత్ అనే లైన్ ప్రతిపాదించారు. కొన్నేళ్లపాటు అది లేకపోతే గ్రిడ్ కుప్పకూలుతుందన్నట్టే చెప్పారు. డిమాండ్ అనుకున్నంత పెరగలేదు. 2012లో ఆ ప్రాంత గ్రిడ్ నిర్వాహకులే దాన్ని ప్రణాళికలోంచి తీసేశారు. అక్కడి జనం అన్నేళ్లు నిలబడి ఆలస్యం చేయకపోతే, ఎవరికీ అక్కర్లేని టవర్లు ఇవాళ ఆ కొండల మీద ఉండేవి.

అడగాల్సిన ప్రశ్నలు ఇవి. పాత లైన్ మీదే తీగలు మార్చి ఎక్కువ కరెంటు పంపలేరా? ఉక్కు కడ్డీకి బదులు మిశ్రమ పదార్థపు కోర్ ఉన్న కొత్తరకం తీగలు వేడికి తక్కువగా సాగుతాయి కాబట్టి, చాలా సందర్భాల్లో అవే టవర్ల మీద దాదాపు రెట్టింపు సామర్థ్యం సాధ్యమవుతుంది. గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను అప్పటికప్పుడు కొలిచి లైన్ మీద భారం నిర్ణయించే పద్ధతి పెట్టి చూశారా? గాలి వీస్తే తీగ చల్లబడుతుంది, చల్లటి తీగ మరింత మోస్తుంది. ఏడాదిలో కొద్ది గంటలు మాత్రమే వచ్చే రద్దీ కోసమైతే, డిమాండ్ ఉన్నచోటే బ్యాటరీలు పెడితే సరిపోదా? ప్రతి ప్రశ్న చివరా "పరిశీలించి ఉంటే ఆ లెక్క చూపండి, పరిశీలించకపోతే ఎందుకు పరిశీలించలేదో చెప్పండి" అని రాయండి. పరిశీలించలేదన్న జవాబు ఫైలులో పడితే తర్వాత అప్పీలులో అది మీ ఆయుధం.

ఇక్కడ ఒక మాట మనసు విప్పి చెప్పాలి. ఆ లైన్ సౌర విద్యుత్తునో గాలి విద్యుత్తునో మోసుకొచ్చేదైతే, "బొగ్గే నయమంటారా?" అని మిమ్మల్ని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. వాతావరణం చెడితే ఆ గడ్డి మైదానమూ మిగలదు. కాబట్టి మీరు విద్యుత్తును కాదు, ఈ దారిని వ్యతిరేకిస్తున్నారని మొదటి రోజే చెప్పండి. ఏ దారైతే, ఏ పద్ధతైతే ఒప్పుకుంటారో కూడా చెప్పండి. ప్రత్యామ్నాయం లేకుండా "వద్దు" అనేవాళ్ల మాట అధికారులు మర్యాదగా విని పక్కన పెడతారు.

5. ప్రత్యామ్నాయ దారి చూపించండి, కానీ ఎవరి మీదికి తోస్తున్నారో చూసుకోండి

కాలిఫోర్నియాలో సన్‌రైజ్ పవర్‌లింక్ అనే 500 కిలోవోల్టుల లైన్‌ను మొదట ఆంజా-బొరేగో ఎడారి పార్కు మధ్యగా తీసుకెళ్లాలనుకున్నారు. ఏళ్లపాటు వాదన జరిగింది. 2008 డిసెంబరులో రాష్ట్ర కమిషన్ లైన్‌కు అనుమతిస్తూనే పార్కును తప్పించి దక్షిణపు దారిని ఎంచుకుంది. 2012లో లైన్ మొదలైంది. పార్కు మిగిలింది. దక్షిణాన ఉన్నవాళ్లు మాత్రం తమ కొండల మీద టవర్లు చూశారు. ఈ గెలుపులో ఉన్న ముల్లు అది.

లైన్ ఇళ్ల మధ్య నుంచి వెళ్తుంటే "పక్కన ఉన్న పార్కులోకి మళ్లించండి" అని అడిగే పట్టణాలూ ఉంటాయి. లాస్ ఏంజెలెస్ దగ్గరి చినో హిల్స్‌లో అలాంటి ప్రతిపాదనే మొదట నడిచింది. చివరికి 2013లో కమిషన్ ఊరి మధ్యలో అప్పటికే నిలబెట్టిన 500 కిలోవోల్టుల టవర్లను తీయించి, దాదాపు 5.6 కిలోమీటర్లు భూగర్భ కేబుల్ వేయాలని ఆదేశించింది. పార్కూ బతికింది, ఊరూ ఊపిరి పీల్చుకుంది. మీరు అలాంటి ఊరి మనుషులతో ముందే కూర్చుని మాట్లాడుకుంటే "బయలా, ఇళ్లా" అనే తగువు పెట్టి మిమ్మల్ని విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు.

పాత లైన్ పక్కనే, రహదారి పక్కనే, రైలు మార్గం పక్కనే కొత్త లైన్ వేయమనడం అన్నిటికన్నా తేలికగా చెల్లే ప్రత్యామ్నాయం. అప్పటికే చీలిన నేలను మళ్లీ వాడుకోమనడమే కదా. భారతదేశ ప్రమాణాల్లో 400 కిలోవోల్టుల లైన్‌కు దాదాపు 46 మీటర్లు, 765 అయితే 60 మీటర్లకు పైగా వెడల్పు దారి కావాలి. కిలోమీటరుకు ఎన్ని ఎకరాలవుతుందో గుణించి, రెండు దారులకూ పక్కపక్కన రాసి చూపండి.

భూగర్భ కేబుల్ అడిగేముందు దాని సంగతి తెలుసుకోండి. ఖర్చు చాలా రెట్లు ఎక్కువ. ఏసీ కరెంటును అత్యధిక వోల్టేజిలో భూమి కింద పంపితే కేబులే కొంత సామర్థ్యాన్ని తినేస్తుంది. కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే ఆ లోటును సరిచేసే పరికరాలు మధ్యలో పెట్టాలి. డీసీకి ఆ ఇబ్బంది లేదు. అందుకే జర్మనీ 2015 చివర్లో కొత్త పెద్ద డీసీ లైన్లకు భూగర్భ కేబుల్‌కే ప్రాధాన్యమిస్తూ చట్టం మార్చింది. ఏసీలోనూ చిన్న ముక్కలు సాధ్యమే. ఇంగ్లండ్‌లోని డార్సెట్‌లో 2022లో 8.8 కిలోమీటర్ల లైన్‌ను భూమిలోకి దించి 22 టవర్లను తీసేశారు. అంటే "అసాధ్యం" అన్న మాట చెల్లదు, "ఖరీదు" అన్నది మాత్రం నిజం. అయితే మీది చిత్తడి నేలైతే ఆగి ఆలోచించండి. కందకం తవ్వితే నీటి పొరలు తెగిపోతాయి, కేబుల్ మీద లోతు వేళ్ల చెట్లను పెరగనివ్వరు. కొన్నిచోట్ల ఆ కందకం టవర్ల కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. అలాంటిచోట భూమిని తవ్వకుండా అడుగునుంచి తొలిచే పద్ధతి అడగండి, లేదా దారి మార్చమనే అడగండి.

6. ఆ నేల మీద ఏముందో నమోదు చేయండి

మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. లాయర్లు డబ్బుకు దొరుకుతారు. గడిచిపోయిన రుతువు దొరకదు. ఇవాళే మొదలుపెట్టండి.

లైన్ దారిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో మనిషికి అప్పగించండి. నెలకు రెండుసార్లు, ఒకే దారిలో, దాదాపు ఒకే వేళకు నడవాలి. తేదీ, సమయం, వాతావరణం, నడిచినవారి పేరు, చూసినవి, ఎన్ని, ఎక్కడ అన్నీ రాయాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి, అసలు ఫైలును మార్చకుండా దాచండి. ఏమీ కనబడని రోజు కూడా "ఏమీ కనబడలేదు" అని రాయాలి. కనబడిన రోజులే రాసిన నోట్‌బుక్‌ను ఎవరూ నమ్మరు.

ఏం చూడాలి? గూళ్లు, నేల మీద గుడ్లు పెట్టే పక్షుల చోట్లు, సాయంత్రం గుంపులు ఎటు నుంచి ఎటు ఎగురుతాయో, వానకు నిలిచే నీటి మడుగులు, ఏ గడ్డి ఎప్పుడు పూస్తుంది, పశువులు ఏ దారిన మేతకు వస్తాయి. అక్కడ తరాలుగా పశువులు మేపుతున్నవాళ్లు ఉంటే, ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ మూలన ఏ పిట్ట గుడ్లు పెడుతుందో వాళ్లకు తెలిసినంత ఏ కన్సల్టెంటుకూ తెలియదు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటే సంతకం తీసుకోండి.

దగ్గర్లో ఇప్పటికే ఒక లైన్ ఉంటే దాని కింద తప్పకుండా నడవండి. రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు 80 కిలోమీటర్ల లైన్ల కింద ఏడాదిలో ఏడుసార్లు నడిచి 289 పక్షుల కళేబరాలు లెక్కపెట్టారు. కనబడింది అంతే. కళేబరాల్ని నక్కలు, కుక్కలు ఎత్తుకుపోతాయి, కొన్ని పొదల్లో పడి కంటికి ఆనవు. అవన్నీ సరిచూసి లెక్క కడితే 4,200 చదరపు కిలోమీటర్లలో ఏటా దాదాపు 84,000 పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని తేలింది. వాటిలో ఏటా 18 వరకు బట్టమేక పిట్టలు ఉండొచ్చని అంచనా. దేశం మొత్తం మీద రెండు వందలు కూడా లేని జాతికి ఆ సంఖ్య అంటే ఏమిటో ఊహించండి. మీ దగ్గర ముప్పై కళేబరాలే దొరికినా చిన్నబుచ్చుకోకండి. ఎంత దూరం, ఎన్నిసార్లు నడిస్తే దొరికాయో రాసి పెడితే చాలు, ఆ లెక్క కట్టగల మనిషి దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో ఉంటారు.

తీగలకు మెరిసే బిళ్లలు కడతాం, పక్షులు తప్పించుకుంటాయి అని మీకు చెబుతారు. కొన్ని జాతుల విషయంలో అది నిజం. దక్షిణాఫ్రికాలోని కరూలో జరిగిన పరీక్షలో ఆ బిళ్లలు క్రేన్ పక్షుల చావుల్ని బాగా తగ్గించాయి, బట్టమేక జాతి పక్షులకు మాత్రం ప్రయోజనం కనబడలేదు. ఎగురుతూ కింద నేలను చూసేటప్పుడు ఆ పిట్టలకు ఎదురుగా ఉన్నది కనబడదు, వాటి కళ్ల అమరిక అలాంటిది. అందుకే మీ బయలులో ఏ జాతి ఉందో పేరుతో సహా రాయాలి.

ఎండిన గడ్డి ఉన్న బయలులో నిప్పు సంగతి విడిగా రాయండి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో పారడైజ్ ఊరిని కాల్చేసి 85 మందిని పొట్టనబెట్టుకున్న మంట, దాదాపు వందేళ్ల పాత ట్రాన్స్‌మిషన్ టవర్ మీద ఒక ఇనుప కొక్కెం అరిగి తెగడంతో మొదలైంది. మీ బయలు ఏ నెలల్లో ఎండుతుంది, గాలి ఎటు వీస్తుంది, నీళ్ల బండి అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి మీరే కొలిచి చెప్పగలరు.

7. అభ్యంతరం రాసే పద్ధతి

ఒకే ఉత్తరాన్ని వెయ్యిమందితో సంతకం పెట్టించి పంపితే చాలాచోట్ల దాన్ని ఒకే అంశం కింద లెక్కేసి ఒకే జవాబు రాస్తారు. పదిమంది పది వేర్వేరు విషయాల మీద రాసిన ఉత్తరాలైతే పది జవాబులు రాయక తప్పదు. పంచుకోండి. ఒకరు నీళ్లు, ఒకరు పక్షులు, ఒకరు నిప్పు, ఒకరు డిమాండ్ అంచనా, ఒకరు మేత.

ప్రతి అభ్యంతరంలో నాలుగు విషయాలుండాలి: ఏ చోటు, నివేదికలో ఏ పేజీ ఏమంటోంది, మీ దగ్గరున్న ఆధారం ఏమంటోంది, మీరు అడిగేది ఏమిటి. నమూనా ఇదిగో, అంకెలు ఉదాహరణకే:

"41వ టవర్ నుంచి 47వ టవర్ వరకు ప్రతిపాదిత లైన్, వానాకాలంలో నీరు నిలిచే మడుగుకు 120 మీటర్ల దూరంలో వెళ్తోంది. నివేదిక 63వ పేజీలోని పట్టిక ఈ చోటును వృక్షసంపద లేని ఖాళీ భూమిగా చూపింది. మేము 14 రోజులు చేసిన లెక్కల్లో ఇక్కడ నీటిపక్షులు దిగడం 11 రోజులు నమోదైంది (జతచేసిన పట్టిక, ఫొటోలు చూడండి). ఈ ముక్కకు వానల తర్వాత మళ్లీ సర్వే జరపాలని, అది పూర్తయ్యేవరకు ఈ దారిని ఖరారు చేయవద్దని కోరుతున్నాము."

ఇందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క విశేషణం లేదు. జవాబు చెప్పకుండా తప్పించుకునే సందూ లేదు.

లైన్ కింద అయస్కాంత క్షేత్రం వల్ల రోగాలొస్తాయన్న వాదనతో మొదలుపెట్టకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ క్షేత్రాలను "బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న బలహీనమైన వర్గంలోనే పెట్టింది. లైన్లు మామూలుగా నిర్దేశిత పరిమితుల్లోనే ఉంటాయి. దాంతో మొదలుపెడితే మీ గట్టి ఆధారాలు కూడా భయం కింద జమకట్టేస్తారు. అక్కడి మనుషులకు ఆ ఆందోళన ఉంటే, అంచు దగ్గర కొలతలు తీసి చూపమని అడగండి, చాలు.

8. మనుషులను కూడగట్టడం, విచారణలో మాట్లాడటం

ఐదారుగురి చిన్న జట్టు చాలు, కానీ పనులు పంచుకోవాలి. గడువులు చూసేది ఒకరు, కాగితాలు దాచేది ఒకరు, బయటి మనుషులతో మాట్లాడేది ఒకరు. డబ్బు లెక్క అందరికీ కనబడేలా రాయండి. ఇలాంటి జట్లు ఎక్కువగా చీలిపోయేది డబ్బు మీద అనుమానంతోనే.

బయలు చుట్టూ ఉన్న సొంత భూముల యజమానుల దగ్గరికి ఎవరో వచ్చి "మిగతా అందరూ సంతకం పెట్టేశారు, మీరొక్కరే మిగిలారు" అంటారు. అది నిజమో కాదో పక్కింటికి నడిచి వెళ్లి అడగమనండి. సర్వే కోసం లోపలికి రావడానికి ఇచ్చే అనుమతి వేరు, టవర్‌కు శాశ్వత హక్కు రాసివ్వడం వేరు. రెండూ ఒకే కాగితంలో ఉంటే సంతకం పెట్టే ముందు లాయరుకు చూపించాలి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో నార్తర్న్ పాస్ లైన్‌ను ఎదిరించినవాళ్లు ఇదే దారిలో నడిచారు. అక్కడి అటవీ పరిరక్షణ సంఘం విరాళాలు పోగుచేసి, లైన్ దారిలో పడే భూములను, హక్కులను ముందుగానే కొని కాపాడింది. దాదాపు 309 కిలోమీటర్ల ఆ ప్రాజెక్టును 2018 ఫిబ్రవరిలో రాష్ట్ర కమిటీ ఏకగ్రీవంగా తిరస్కరించింది, 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. ఎనిమిదేళ్లు పైగా పట్టింది. నేను పైన చెప్పిన మెయిన్ రాష్ట్రపు లైన్ దాని తర్వాత ముందుకొచ్చినదే. పక్క రాష్ట్రంలో ఆగిన లైన్ మీ దగ్గరికి రావచ్చు, మీ దగ్గర ఆగినది పక్కకు పోవచ్చు. ఆ పక్కవాళ్ల నంబరు మీ దగ్గర ఉండాలి.

విచారణలో మీకు దొరికేది మూడు నిమిషాలే కావచ్చు. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. ఒక్కరు ఒక్క విషయమే చెప్పాలి. చేతిలో ఉన్న కాగితం ప్రతిని అధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. గదిలో ఎంత చప్పట్లు కొట్టినా ఫైలులో ఎక్కేది ఆ కాగితమే. సర్వే సిబ్బంది మీద, టవర్ ఎక్కే కూలీల మీద కోపం చూపొద్దు, దారి గీసింది వాళ్లు కాదు.

9. కోర్టుకు వెళ్లాల్సి వస్తే

గడువు మొదట చూడండి, న్యాయం తర్వాత. భారతదేశంలో అటవీ అనుమతి లాంటి ఆదేశాల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అది దాటితే మీ నోట్‌బుక్ ఎంత గొప్పదైనా తెరిచి చూడరు. చాలా దేశాల్లో ముందే అభ్యంతరంగా రాసిన అంశాలను మాత్రమే కోర్టు వింటుంది. మొదటి నుంచి రాతలో పెట్టమన్నది అందుకే. స్టే కోసం అడిగేటప్పుడు, నేల ఒకసారి చెదిరితే డబ్బుతో పూడదని మీ ఫొటోలతోనే చూపాలి.

తీర్పు వచ్చాక కూడా కథ మారొచ్చు. బట్టమేక పిట్టల కోసం వన్యప్రాణి పరిరక్షకుడు ఎం.కె. రంజిత్‌సిన్హ్ వేసిన కేసులో, వాటి ఆవాసాల్లో తీగలను వీలైనచోట భూమిలోకి దించాలని భారత సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2024 మార్చిలో అదే కోర్టు, దాదాపు 99,000 చదరపు కిలోమీటర్ల మీద ఉన్న ఆ విస్తృత ఆంక్షను సవరించి, ఎక్కడ ఏం చేయాలో తేల్చమని నిపుణుల కమిటీని వేసింది. కాబట్టి మీ బయలులో ఏ ముక్క ప్రాణప్రదమో, ఏ ముక్కలో రాజీ పడగలరో మీకు ముందే తెలిసుండాలి. "మొత్తం కావాలి" అనేవారికి మ్యాపు గీసే అవకాశం ఎవరూ ఇవ్వరు.

లైన్ తప్పదని తేలితే అనుమతిలో షరతులు రాయించండి: గుడ్లు పెట్టే నెలల్లో పని చేయకూడదు, బయలులో కొత్త రోడ్డు వేయకుండా ఉన్న దారులే వాడాలి, టవర్లు మడుగు నుంచి ఇంత దూరంలో ఉండాలి, తీసేసిన పైమట్టిని విడిగా దాచి తిరిగి పరచాలి, పక్షుల చావులను లైన్ వేసినవారితో సంబంధం లేని మనుషులు లెక్కించాలి, ఆ లెక్క ఏటా బయటపెట్టాలి, సంఖ్య ఇంత దాటితే ఆ ముక్కను భూమిలోకి దించాలి. చివరి షరతులో అంకె తప్పకుండా ఉండాలి. అంకె లేని షరతును అమలు చేయించడం కుదరదు.

తీగలు లాగిన వారం నుంచే మీ పాత దారిలో, పాత వేళకు, నెలకు రెండుసార్లు మళ్లీ నడవండి. లైన్ రాకముందు రాసిన నోట్‌బుక్ పక్కన కొత్తది పెట్టి, అవే గళ్లు గీసుకోండి.